పై దవడ కరిగిపోయాక

నోట్లో నిప్పు పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు, వైద్యం అందక ఒక్కొక్కటిగా ఊడే పళ్లు, అంగిలి కేన్సర్, బ్లాక్ ఫంగస్... దారులు వేరైనా చివరికి పోయేది పై దవడ ఎముకే. ఎముక లేని చోట కూడా పళ్లు నిలబెట్టే విద్య ఇప్పుడుంది. అది మొదట ఎవరి కోసం పుట్టిందో వాళ్లకే ఇవాళ అందరికన్నా దూరంగా ఉంది. అరకు కొండల నుంచి విశాఖ దాకా ఉన్న ఆ దూరం గురించే ఈ వారం ముఖచిత్ర కథనం.

అరకులోయలో సంత జరిగే రోజు. పొద్దెక్కేసరికి చుట్టుపక్కల గూడేల జనంతో మైదానం నిండిపోతుంది. పసుపు కొమ్ములు, పిప్పళ్లు, రాజ్మా గింజలు, చింతపండు, అడ్డాకుల కట్టలు కుప్పలు పోసి ఉంటాయి. ఆ కుప్పల వెనక కూర్చున్న పెద్దావిడల ముఖాలు ఒకసారి నిదానంగా చూడండి. ముక్కుకు అటూ ఇటూ మధ్యనా మెరిసే పుడకలు, బిగించిన పెదాలు. ఆ పెదాల మధ్య నుంచి పొట్టి చుట్ట కొస ఒకటి బయటికి కనిపిస్తుంటుంది. నిప్పు మాత్రం కనిపించదు. నిప్పు నోటి లోపల ఉంది.

ఉత్తరాంధ్రలో దీన్నే అడ్డపొగ అంటారు. చుట్ట వెలిగించి, మండే కొసను నోట్లో పెట్టుకుని పెదాలు మూసేస్తారు. గాలి బయటి కొస నుంచి లోపలికి వెళ్లి నిప్పును ఆరకుండా ఉంచుతుంది. పెదాల తడికి చుట్ట త్వరగా కాలిపోదు. ఎందుకిలా అని అడిగితే శ్రీకాకుళం తీరంలోనైనా, మన్యం గూడెంలోనైనా దాదాపు ఒకే జవాబు వస్తుంది. గాలికి ఆరదు, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి, చంకలో బిడ్డ మీద నుసి రాలదు, ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది, చలికి వెచ్చగా ఉంటుంది. పంటి నొప్పికి మంచిదని నమ్మేవాళ్లూ ఉన్నారు. కలుపు తీస్తూ, కట్టెలు మోస్తూ, వాగులో బట్టలు ఉతుకుతూ బతికిన ఆడవాళ్ల లెక్కలో ఈ కారణాలన్నీ సబబుగానే కనిపిస్తాయి. అందుకే ఈ అలవాటు మగవాళ్లకన్నా ఆడవాళ్లలో, అందులోనూ వయసు మళ్లినవాళ్లలో ఎక్కువగా పాతుకుపోయింది.

ఆ నిప్పుకు సరిగ్గా పైన ఉండేది అంగిలి. అంగిలి పొర వెనక పలచటి ఎముక. దాని పైన ముక్కు, రెండు పక్కలా సైనస్‌లనే గాలి గదులు. నమిలేటప్పుడు పడే బరువును మోసేదీ, మాటకు స్పష్టత ఇచ్చేదీ, పై పెదవిని, బుగ్గలను నిలబెట్టేదీ ఆ ఎముకే. నోట్లోని నిప్పు దగ్గర 120 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి పుడుతుందని కొలిచిన పరిశోధకులున్నారు. ఆ వేడిలో, ఆ పొగలో ముప్పై నలభై ఏళ్లు నానిన అంగిలి కథ ఇది.

విశాఖ వైద్యులు ముందే చెప్పారు

అడ్డపొగకూ అంగిలి కేన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని లోకానికి చెప్పడంలో విశాఖపట్నానిది పెద్ద పాత్ర. ఆంధ్ర వైద్య కళాశాల, కింగ్ జార్జ్ ఆసుపత్రి రెండూ 1923లో మొదలయ్యాయి. ఆ ఆసుపత్రికి వచ్చే రోగుల్లో వైద్యులు ఒక వింత గమనించారు. మిగతా ప్రపంచంలో నోటి కేన్సర్ అంటే నాలుకకో, బుగ్గకో, పెదవికో వచ్చేది. గట్టి అంగిలికి రావడం చాలా అరుదు. ఇక్కడేమో అంగిలి పుండుతో వచ్చేవాళ్లే వరస కట్టేవారు. 1937లోనే విశాఖ వైద్యులు కిణి, సుబ్బారావు ఈ సంగతిని వైద్య పత్రికలో రాశారు. 1945లో ముంబైకి చెందిన పాథాలజిస్టు వి.ఆర్.ఖనోల్కర్, సూర్యాబాయితో కలిసి, మన దేశపు అలవాట్ల వల్ల వచ్చే కేన్సర్ల గురించి రాసిన వ్యాసంలో చుట్టవల్ల వచ్చే అంగిలి కేన్సర్‌ను ఒకటిగా చేర్చారు.

ఆ తర్వాత పరిశోధకులు ఊళ్లలోకి నడిచి వచ్చారు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన దంత పరిశోధన విభాగం డాక్టర్ ఫాలీ మెహతా నాయకత్వంలో 1966, 67లలో దేశంలో అయిదు జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి 50,915 మంది నోళ్లు తెరిపించి చూసింది. ఆ అయిదింటిలో ఒకటి శ్రీకాకుళం. డెన్మార్క్ నుంచి వచ్చిన నోటి వ్యాధుల నిపుణుడు జెన్స్ పిండ్‌బోర్గ్, మెహతా బృందం కలిసి ఒక్క శ్రీకాకుళం జిల్లాలోనే చూసిన 10,169 మంది గ్రామస్తుల వివరాలను 1971లో ప్రచురించారు. వాళ్లలో దాదాపు 44 శాతం మంది అడ్డపొగ తాగేవాళ్లే. అంగిలి మీద తెల్లని పొరలు, ఎర్రని చుక్కలు, పుండ్లు, రంగు మారిన మచ్చలు ఏ దశలో ఎలా ఉంటాయో ఆ పరిశోధన వివరంగా చెప్పింది. ఆంధ్ర వైద్య కళాశాల పాథాలజిస్టు డాక్టర్ సి.ఆర్.ఆర్.ఎం.రెడ్డి 1974లో గట్టి అంగిలి కేన్సర్‌కూ అడ్డపొగకూ ఉన్న సంబంధం మీద రాసిన వ్యాసం ఇప్పటికీ ప్రపంచమంతా ఉదహరించేదే.

వీటన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36 వేల మందికి పైగా పొగాకు వాడేవాళ్లను ఏటేటా కలుస్తూ, మాన్పించే ప్రయత్నం చేస్తూ చేసిన అధ్యయనం ఫలితాలు 1986లో వచ్చాయి. ఇంటికొచ్చి కూర్చుని, వాళ్ల నోరు వాళ్లకే చూపించి, మానమని ఓపిగ్గా చెప్పినప్పుడు మానేవాళ్లు పెరిగారు. మానినవాళ్లలో, తగ్గించినవాళ్లలో నోటి మచ్చలు తగ్గాయి. అంటే ఎముక దాకా పోకముందే ఆపడానికి ఏం చెయ్యాలో నలభై ఏళ్ల కిందటే మనకు తెలుసు.

పన్ను పోతే పోయేది పన్నొక్కటే కాదు

కేన్సర్ రాకపోయినా పై దవడ ఎముక పోతుంది. అది మెల్లగా, నొప్పి లేకుండా జరుగుతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

దవడలో పళ్లను పట్టుకునే ఎముక పళ్ల కోసమే పుట్టింది. పన్ను మొలిచేటప్పుడు దాంతోపాటు పెరుగుతుంది, పన్ను ఊడగానే దానికి పని పోతుంది. నమిలిన ప్రతిసారీ వేరు ద్వారా అందే ఒత్తిడే ఆ ఎముకకు తిండి. వాలు మీద చెట్టు కూలితే వేరు పట్టిన మట్టి నిలవదని కొండమీద పుట్టినవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. నోట్లోనూ అదే జరుగుతుంది. పన్ను తీసిన ఏడాదిలో ఆ చోట ఎముక వెడల్పు సగం దాకా తగ్గుతుందని, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే పోతుందని కొలిచి చూశారు.

పై దవడకు ఇంకో కష్టం ఉంది. కింది దవడ ఎముక గట్టిది, పైది గుల్లగా, స్పాంజిలా ఉంటుంది. దానిపైన సైనస్ గది ఉంది. వెనక పళ్లు పోయాక ఆ గది అడుగు కిందికి జారుతుంది. కింద చిగురు వైపు నుంచి ఎముక తరిగిపోతుంటే, పై నుంచి గది కిందికి పెరుగుతుంటుంది. రెంటి మధ్యా చిక్కి చివరికి కోడిగుడ్డు పెంకంత ఎముక మిగులుతుంది. అందుకే కొందరు పెద్దవాళ్లకు పై పళ్లసెట్టు ఎన్నిసార్లు చేయించినా నిలబడదు. అంగిలి పళ్లెంలా చదునైపోతే సెట్టుకు పట్టు దొరకదు. మాట్లాడుతుంటే జారుతుంది, నవ్వితే ఊడుతుంది, తినేటప్పుడు తీసి కొంగున కట్టుకుంటారు. పై పెదవి లోపలికి పోయి, గెడ్డం ముందుకొచ్చి, యాభై ఏళ్ల మనిషి డెబ్బై ఏళ్లవాడిలా కనిపిస్తాడు.

మన్యంలో ఈ దశ తొందరగా వస్తుంది. పన్ను నొప్పి పుడితే మొదట వేడి ఉప్పునీళ్లు, తర్వాత పొగాకు, ఆ తర్వాత సంతలో కొనే నొప్పి మాత్ర. అప్పటికీ తగ్గకపోతే పీకించుకోవడం. పుచ్చు పూడ్చడం, వేరు శుభ్రం చేసి పన్ను నిలబెట్టడం అనే మధ్య మెట్లు చాలామందికి ఎదురే పడవు. పొగాకు చిగుళ్లకు రక్తం అందకుండా చేస్తుంది కాబట్టి చిగుళ్ల జబ్బు పైకి రక్తం కారకుండానే లోలోపల ఎముకను తినేస్తుంది. పళ్లన్నీ గట్టిగానే ఉన్నాయనుకున్న మనిషికి ఒక ఏడాదిలో నాలుగు వదులవుతాయి.

బోసినోటి మనిషి ఏం తింటాడు? చోడి అంబలి, గంజి, మెత్తగా ఉడికిన పప్పు. జొన్నపొత్తు, ఎండుచేప, వేటమాంసం, జామకాయ, దుంపలు దూరమవుతాయి. పండగనాడు పొట్టేలు కోసిన ఇంట్లో పెద్దమనిషి పులుసు మాత్రం తాగి లేస్తాడు. కొండమీద తిండి అసలే అంతంతమాత్రం. నమలలేకపోవడం అంటే ఉన్నదాంట్లో బలమైనది ముందుగా వదులుకోవడం.

అంగిలి తీసేశాక

అడ్డపొగ వల్ల వచ్చిన కేన్సర్ ఎముకలోకి పాకితే శస్త్రచికిత్స తప్పదు. పై దవడలో ఒక పక్కనో, చాలా భాగమో తీసేస్తారు. ప్రాణం నిలబడుతుంది. కానీ నోటికీ ముక్కుకూ మధ్య గోడ ఉండదు. మంచినీళ్లు తాగితే ముక్కులోంచి వస్తాయి. మాట ముక్కుతో పలుకుతుంది, ఇంట్లోవాళ్లకే సగం అర్థం కాదు. అన్నం మెతుకు గాలి గదిలో చిక్కుకుంటుంది. పాట కట్టే గొంతు, తగువు తీర్చే గొంతు, మనవలకు కథ చెప్పే గొంతు ఒక్క ఆపరేషన్‌తో మూగబోయినంత పనవుతుంది. రాతకన్నా నోటిమాట మీదే ఎక్కువగా నడిచిన కొండ సమాజంలో ఆ నష్టం ఎంతటిదో లెక్కకట్టడం కష్టం.

ఆ తొర్రను మూయడానికి వాడే పరికరం పేరు ఆబ్ట్యురేటర్. పళ్లసెట్టుకే పైన ఒక బుడిపె చేర్చి తొర్రలోకి ఇమిడేలా చేస్తారు. ఫ్రాన్స్ శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే 16వ శతాబ్దంలోనే ఇలాంటి వాటిని వర్ణించాడు. మంచి ఆబ్ట్యురేటర్ పెట్టుకున్న క్షణంలోనే రోగి మాట మారిపోతుంది. నీళ్లు మింగగలుగుతాడు. అయితే దాన్ని పట్టి ఉంచడానికి పక్కన కొన్ని గట్టి పళ్లు కావాలి. అడ్డపొగ రోగుల్లో చాలామందికి అవి అప్పటికే పోయి ఉంటాయి. పట్టు లేని బరువైన పరికరం జారుతూనే ఉంటుంది.

2021లో ఇదే కష్టం మరో రూపంలో రాష్ట్రమంతా వచ్చింది. కరోనా రెండో ఉధృతి తర్వాత బ్లాక్ ఫంగస్ విజృంభించింది. ఆ ఏడాది జూన్ నెలాఖరుకు దేశంలో 40 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. అదుపులో లేని మధుమేహం, స్టెరాయిడ్లు ఆ బూజుకు దారి తీశాయి. సైనస్‌లో మొదలై పై దవడ ఎముకను చంపేస్తూ కంటి దాకా, మెదడు దాకా పాకింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 మేలో ఈ జబ్బును ఆరోగ్యశ్రీలో చేర్చింది. ప్రాణాలు దక్కినవాళ్లలో ఎందరో పై దవడ పోగొట్టుకుని ఇళ్లకు వెళ్లారు. నలభై ఏళ్లు కూడా నిండనివాళ్లు వాళ్లలో ఉన్నారు. నమిలే నోరు తిరిగి కావాలని వాళ్లు ఆసుపత్రుల చుట్టూ తిరగడంతో, చెంప ఎముకలో నాటే ఇంప్లాంట్ల మాట మన ఊళ్లలో కూడా వినపడటం మొదలైంది.

కుందేలు కాలిలో దొరికిన సత్యం

1952లో స్వీడన్‌లో పెర్ ఇంగ్వార్ బ్రేన్‌మార్క్ అనే వైద్యుడు ఎముకలో రక్తప్రసారం ఎలా జరుగుతుందో చూడటానికి కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన చిన్న పరికరం అమర్చాడు. పని అయ్యాక తీయబోతే రాలేదు. ఎముక ఆ లోహాన్ని తనదిగా చేసుకుని గట్టిగా పట్టేసింది. లోహానికీ ఎముకకూ మధ్య ఇలాంటి పొత్తు కుదురుతుందని అప్పట్లో ఎక్కువమంది అనుకోలేదు. 1965లో పుట్టుకతోనే దవడ లోపంతో ఉన్న యోస్టా లార్సన్ అనే వ్యక్తికి ఆయన మొదటిసారి టైటానియం వేర్లు నాటి పళ్లు బిగించాడు. 2006లో లార్సన్ చనిపోయేదాకా ఆ ఇంప్లాంట్లు పనిచేస్తూనే ఉన్నాయి.

మామూలు ఇంప్లాంట్ పొడవు 8 నుంచి 15 మిల్లీమీటర్లు. దానికి చుట్టూ చాలినంత ఎముక కావాలి. పై దవడే లేనివాళ్ల మాటేమిటి? 1980ల చివర్లో బ్రేన్‌మార్క్ బృందం ఈ ప్రశ్నకు జవాబు వెతికింది. కేన్సర్ వల్లో, ప్రమాదంలోనో, పుట్టుక లోపంతోనో పై దవడ పోయినవాళ్లకు కూడా కంటి కింద చెంప ఎముక మిగిలి ఉంటుంది. అది గట్టి ఎముక, పళ్లు పోయినా తొందరగా కరగదు. 30 నుంచి 52.5 మిల్లీమీటర్ల పొడవున్న ఇంప్లాంట్‌ను నోట్లోంచి ఏటవాలుగా పంపి, సైనస్ గోడ పక్కగా తీసుకెళ్లి, దాని కొసను చెంప ఎముకలో నాటారు. మెత్తని మట్టిలో గుంజ నిలవకపోతే లోపల రాయి తగిలేదాకా తవ్వి పాతినట్టే. ఇదే జైగోమాటిక్ ఇంప్లాంట్.

నగరాల్లో హోర్డింగుల మీద ‘ఎముక లేకపోయినా మూడు రోజుల్లో పళ్లు’ అని కనిపించే చికిత్సల్లో కొన్నింటికి మూలం ఇక్కడుంది. ఆ ఇంప్లాంట్ పుట్టిందే పై దవడ కోల్పోయిన నోళ్ల కోసం. అంగిలి కేన్సర్‌కు ఆపరేషన్ చేయించుకుని హుకుంపేటకో, అనంతగిరికో, సీతంపేటకో తిరిగి వెళ్లిన అవ్వ నోరు సరిగ్గా అలాంటిదే. ఆమెకు ఆ పేరు చెప్పినవాళ్లు మాత్రం లేరు.

ఎవరికి ఏది?

ఎముక తగ్గిన ప్రతి నోటికీ చెంప ఎముక దాకా వెళ్లక్కర్లేదు. వైద్యులు మెట్టు మెట్టుగా ఆలోచిస్తారు.

వెనక భాగంలో మాత్రమే ఎముక తగ్గితే సైనస్ పొరను కాస్త పైకి లేపి, కింద ఎముక పొడి నింపుతారు. 1970ల్లో అమెరికా దంతవైద్యుడు హిల్ట్ టేటమ్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. నింపిన ఎముక గట్టిపడటానికి చాలాసార్లు ఆరు నెలలు పడుతుంది. ముందుభాగంలో ఎముక బాగుంటే పోర్చుగల్ వైద్యుడు పాలో మాలో ప్రచారంలోకి తెచ్చినట్టు నాలుగే ఇంప్లాంట్లు, వెనక రెండింటిని ఏటవాలుగా నాటి, వాటి మీద వరస మొత్తం బిగిస్తారు. పై దవడ వెనక పుర్రెకు ఆనుకుని ఉండే గట్టి ఎముకలో నాటే టెరిగాయిడ్ ఇంప్లాంట్లూ ఉన్నాయి. ఇవేవీ కుదరనంతగా ఎముక పోతే చెంప ఎముక. ముందు భాగంలో కొంత ఎముక ఉంటే పక్కకొకటి, ఏమీ లేకపోతే పక్కకు రెండు చొప్పున నాలుగు. పెద్ద తొర్ర పడినవాళ్లకు కాలి చిన్న ఎముకను రక్తనాళాలతో సహా తెచ్చి దవడగా మలిచి, అందులో ఇంప్లాంట్లు నాటే శస్త్రచికిత్స కూడా ఉంది.

ఫలితాలు నమ్మదగినవే. 2016లో 68 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్షలో 4,556 జైగోమాటిక్ ఇంప్లాంట్లలో 103 మాత్రమే విఫలమయ్యాయి. కేన్సర్ వల్ల దవడ తీసేసినవాళ్లలో, రేడియేషన్ తీసుకున్నవాళ్లలో ఫలితాలు ఇంత బాగుండవు. రేడియేషన్ తగిలిన ఎముకకు మానే శక్తి తగ్గుతుంది.

ఇది ప్రమాదం లేని పనీ కాదు. ఇంప్లాంట్ వెళ్లే దారి సైనస్ పక్కగా, కంటి గూటికి దగ్గరగా సాగుతుంది. గురి తప్పితే కంటికి గాయం కావచ్చు. బుగ్గ మొద్దుబారవచ్చు. తర్వాత తరచూ కనిపించే ఇబ్బంది సైనస్ ఇన్‌ఫెక్షన్. అందుకే ముఖ దవడ శస్త్రవైద్యుడు, కట్టుడు పళ్ల నిపుణుడు కలిసి, త్రీడీ స్కాన్ ముందు పెట్టుకుని చేయాల్సిన పని ఇది. పొగాకు మానకుండా చేయించుకుంటే డబ్బూ శ్రమా వృథా అయ్యే అవకాశం చాలా ఎక్కువ. పొగతాగేవాళ్లలో ఇంప్లాంట్లు విఫలం కావడం దాదాపు రెట్టింపని పరిశోధనలు చెబుతున్నాయి. మధుమేహం అదుపులో ఉండాలి.

డాక్టర్ని ఇవి అడగండి

నా ఎముకకు ఇంతకన్నా తేలికైన పద్ధతి ఏదైనా సరిపోతుందా?
సీబీసీటీ (దవడల త్రీడీ) స్కాన్‌లో నా సైనస్ ఎలా ఉంది? దానికి ముందు వైద్యం కావాలా?
ఇలాంటి ఆపరేషన్లు మీరు ఎన్ని చేశారు? మత్తు ఎవరిస్తారు?
ఇంప్లాంట్ పట్టుకోకపోతే తర్వాత ఏం చేస్తారు?
మొత్తం ఎన్నిసార్లు రావాలి? ఏటా శుభ్రం చేయించుకోవడానికి దగ్గర్లో ఎవరున్నారు?
కేన్సర్ రోగినైతే, రేడియేషన్ తర్వాత ఎన్నాళ్లు ఆగాలి?

నూటపదిహేను కిలోమీటర్లు

అరకు నుంచి విశాఖకు రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. పర్యాటకుడికి అది ఘాట్‌రోడ్డు అందం, కిరండూల్ రైలు సొరంగాలు, బొర్రా గుహలు. రోగికి లెక్క వేరు. అరకు దాకా రావడమే ఒక ప్రయాణం. రోడ్డు లేని గూడెం నుంచి డోలీలో, తర్వాత ఆటోలో, తర్వాత బస్సులో. ఒక పూట కూలి పోతుంది, తోడొచ్చినవాళ్ల కూలి పోతుంది. విశాఖలో రాత్రి ఎక్కడుండాలో తెలియదు. ఆసుపత్రిలో రాసే తెలుగు, మాట్లాడే తెలుగు తమ ఆదివాసీ ఒడియాకో, కువికో, పోర్జాకో ఎంతో దూరం. ఇంప్లాంట్ చికిత్స ఒక్క రోజులో ముగిసేది కాదు. పరీక్ష, స్కాన్, ఆపరేషన్, కుట్లు, పళ్లు బిగించడం, మళ్లీ మళ్లీ చూపించుకోవడం. నగరంలో ఉండేవాడికి ఆరుసార్లు రావడం చిరాకు. కొండమనిషికి మూడోసారే ఆగిపోయే కారణం.

ఖర్చు లక్షల్లో ఉంటుంది. కేన్సర్ శస్త్రచికిత్సలకు ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, ఆసరాగా ఉంది. ఆపరేషన్ తర్వాత నోటిని తిరిగి కట్టే పని కూడా అదే చికిత్సలో భాగంగా ముగించాలన్న పట్టుదల వ్యవస్థకు రావాలి. దవడ తీసి ప్రాణం కాపాడి, తొర్రతో పంపించడం సగం వైద్యం. కాలు తీసినప్పుడు జైపూర్ కాలు గురించి అడగడం మనకు అలవాటైంది. దవడ తీసినప్పుడు పళ్ల గురించి అడగడం ఇంకా అలవాటు కాలేదు.

ఈ దూరాన్ని తగ్గించడానికి కొత్తగా కనిపెట్టాల్సింది లేదు. అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది. కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉంది. గీతం, అనిల్ నీరుకొండ లాంటి దంత వైద్య కళాశాలలు విశాఖ చుట్టుపక్కలే ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక పాడేరు జిల్లా కేంద్రమైంది. కేన్సర్ ఆపరేషన్‌కు ముందే కట్టుడు పళ్ల నిపుణుణ్ని పిలిచి నోటి అచ్చు తీయిస్తే, ఆపరేషన్ బల్ల మీదే తాత్కాలిక ఆబ్ట్యురేటర్ పెట్టవచ్చు. రోగి కళ్లు తెరిచేసరికి మింగగలుగుతాడు, మాట్లాడగలుగుతాడు. సరైన రోగికి అదే మత్తులో చెంప ఎముకలో ఇంప్లాంట్లు కూడా నాటవచ్చు. ఆరు ప్రయాణాలు మూడుకు తగ్గుతాయి. కుట్లు చూడటం, శుభ్రం చేయడం అరకులోనో పాడేరులోనో ఉన్న దంత వైద్యుడు చేసి, ఫొటోలు విశాఖకు పంపవచ్చు. రోగి భాష తెలిసిన ఆశా కార్యకర్త మొదటి రోజు నుంచీ తోడుంటే మధ్యలో ఆగిపోయేవాళ్లు తగ్గుతారు.

అంతకన్నా ముందు, పళ్లను నిలబెట్టాలి. వేరు బాగున్న పన్ను పీకకుండా కాపాడితే దాని చుట్టూ ఎముక నిలుస్తుంది. పై దవడలో రెండు గట్టి పళ్లు మిగిలినా చాలు, రేపు సెట్టుకైనా ఆబ్ట్యురేటర్‌కైనా అవే ఆధారం. గిరిజన సంక్షేమ ఆశ్రమ పాఠశాలల్లో పిల్లల పుచ్చు పళ్లు ఇవాళ పూడిస్తే, యాభై ఏళ్ల తర్వాత ఆ పిల్లలకు ఇంత పెద్ద ఆపరేషన్ అవసరం రాదు.

అంగిలిలో ఇవి కనిపిస్తే ఆగొద్దు

తెల్లని మందపాటి పొర, మధ్యలో ఎర్రని చుక్కలు.
రెండు వారాలైనా మానని పుండు, నొప్పి లేకపోయినా సరే.
ఏ దెబ్బా తగలకుండా వదులైన పై పళ్లు.
నిన్నటిదాకా సరిపోయిన పై పళ్లసెట్టు ఇవాళ పట్టకపోవడం.
బుగ్గ వాపు, మొద్దుబారడం, ఒకే పక్క ముక్కులోంచి చెడు వాసనతో చీము.
నీళ్లు తాగితే ముక్కులోంచి రావడం.

పొగాకు మానాలనుకునేవాళ్లు జాతీయ ఉచిత ఫోన్ నంబరు 1800 112 356కు చేయవచ్చు.

ఒక టార్చి, ఒక నిమిషం

చెంప ఎముకలో ఇంప్లాంట్ గొప్ప విద్య. పుట్టిన చోటి నుంచి మన కొండల దాకా అది వచ్చి తీరాలి. అంగిలి పోయిన అవ్వ మళ్లీ చోడి రొట్టె నమిలే హక్కు, మనవరాలి పేరు స్పష్టంగా పిలిచే హక్కు విశాఖ బీచ్‌రోడ్డులో ఉన్నవాళ్లకు ఎంతుందో ఆమెకూ అంతే ఉంది. ఆ హక్కు కోసం అడగడం దయ కోరడం కాదు.

అయితే ఆ ఆపరేషన్ దాకా వెళ్లనక్కర్లేని నోళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. శ్రీకాకుళం పల్లెల్లో ఆనాటి పరిశోధకుల చేతిలో ఉన్నవి పెద్ద యంత్రాలు కావు. దీపం, నోటి అద్దం, కాగితం, కలం. ఇల్లిల్లూ తిరిగి నోరు తెరవమన్నారు, తల వెనక్కి వంచమన్నారు, అంగిలి చూశారు. చూసింది ఆ మనిషికి చెప్పారు. మళ్లీ ఏడాది వచ్చి చూశారు. ఆ పనే అడ్డపొగను కొందరి చేత మాన్పించింది.

ఈ వారం సంతలో ఎక్కడో ఒక చెట్టు కింద రక్తపోటు చూస్తూ ఏఎన్ఎం కూర్చుని ఉంటుంది. ఆమె చేతికి ఒక టార్చి, ఒక అద్దం ఇద్దాం. రక్తపోటు చూపించుకోవడానికి వచ్చిన ప్రతి పెద్దమనిషినీ ‘అవ్వా, తల పైకెత్తి ఒక్కసారి ఆ అను’ అని అడగమందాం. ఆ ఒక్క నిమిషంలో తెల్లని మచ్చ కనిపిస్తే, అంగిలి ఎముక ఇంకా ఉండగానే కనిపించినట్టు.